చార్లెస్ బ్రిడ్జి, సగం వరకు

ఈ వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ యూరప్ వెళ్దామనుకుంటున్నాం. నేను, నా భార్య, ఏడేళ్ళ పాప, అమ్మ, నాన్న. ఆఫీసు పని మీద నేను రెండు మూడు దేశాలు తిరిగాను గానీ, అమ్మానాన్నలు పాస్‌పోర్ట్ తీసుకోవడమే ఇది మొదటిసారి. ఇంకా వెళ్ళలేదు. వీసా అపాయింట్‌మెంట్ వచ్చే వారం. అందుకని ఇది యాత్రాకథనం కాదు. కొన్ని నెలలుగా నేను వేస్తున్న ప్లాను గురించి, అందులో నేను చేసిన తప్పు గురించి.

డిసెంబర్‌లో మొదలుపెట్టాను. పెళ్ళి ఖర్చులైనా, ఇంటి లోనైనా, ఎక్సెల్ షీట్ తెరిస్తే తప్ప మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పని మొదలైనట్టు అనిపించదు. మొదటి షీట్‌లో పన్నెండు రోజులు, ఏడు రాజధానులు: పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్. ఇంజనీరింగ్‌లో చదువుకున్న ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమ్ గుర్తొచ్చింది. ఒక సేల్స్‌మన్ అన్ని ఊళ్ళూ ఒక్కోసారే తిరిగి, అతి తక్కువ దూరంలో ఇల్లు చేరాలి. ఊళ్ళు పెరిగేకొద్దీ అన్ని దారులూ సరిచూడటం కంప్యూటర్ వల్ల కూడా కాదు. ఏడు ఊళ్ళంటే 5,040 వరసలు, అంతే. ఓ రాత్రి కూర్చుని మంచి వరస ఒకటి తేల్చాను. పొద్దున్న లేచి రైలు, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం నది ఒడ్డు, మర్నాడు మళ్ళీ రైలు. గర్వంగా నా భార్యకి చూపించాను.

తను మొత్తం చదివి, "బాగుంది. కానీ సేల్స్‌మన్‌కి మోకాళ్ళ నొప్పులు ఉండవు కదా" అంది. కాసేపాగి, "మామయ్యగారు ఈ మధ్య ఎలా నడుస్తున్నారో చూశావా?" అని అడిగింది.

చూడలేదు. రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాను. వీడియో కాల్‌లో మనిషి ఛాతీ వరకే కనిపిస్తాడు.

నాన్న కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. నాకు తొమ్మిదీ పదీ తరగతుల్లో ఆయనే చెప్పారు. పుస్తకం చూడకుండా, పిల్లల వైపు తిరిగి మాట్లాడుతూనే బోర్డు మీద యూరప్ పటం గీసేవారు. ఇటలీ దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క దానంతటదే బూటు ఆకారంలో తిరిగేది. "వియన్నా కాంగ్రెస్ అంటే మన కాంగ్రెస్ పార్టీ కాదర్రా" అని ప్రతి ఏడూ ఒకే జోకు. 1815లో నెపోలియన్ ఓడిపోయాక రాజులంతా కలిసి యూరప్‌ని ఎలా పంచుకున్నారో, మన ఊళ్ళో పొలం గట్ల తగాదా చెప్పినట్టు చెప్పేవారు. రిటైరయ్యాక అమ్మతో కలిసి రైల్లో కాశీ వెళ్ళొచ్చారు. ఆయన తిరిగిన దూరాల్లో అదే పెద్దది.

కాబట్టి నా షీట్‌లో ఉన్న నాన్న, నాలుగు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పి, సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చే నాన్న. ఆ నాన్న రోజుకి పదహారు వేల అడుగులు నడవగలడు.

సంక్రాంతికి ఊరెళ్ళాను. భోగి రోజు సాయంత్రం ఇద్దరం కాలవ గట్టుకి నడిచాం. ఇంటి నుంచి అర కిలోమీటరు. చిన్నప్పుడు పరిగెత్తితే రెండు మూడు నిమిషాల దారి. నాన్న రైస్ మిల్లు దగ్గర ఆగి, అది ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో చెప్పారు. పంచాయతీ బోరు దగ్గర ఆగి, అది ఏ సంవత్సరం వేశారో చెప్పారు. కొబ్బరితోట మలుపులో ఆగి, ఎర్రనల్లి తెగులు గురించి చెప్పారు. నాలుగోసారి, చెప్పడానికేమీ లేని చోట, ఓ కరెంటు స్తంభం పక్కన ఆగారు. స్తంభం మీద చెయ్యి ఆనించి, దాన్నే చూస్తూ, "ఇది కొత్తగా వేశారు" అన్నారు.

అప్పుడు అర్థమైంది. కథలు చెప్పడానికి ఆగట్లేదు. ఆగడానికి కథలు చెబుతున్నారు. గట్టుకి చేరేసరికి ఇరవై రెండు నిమిషాలైంది. నేనేమీ అనలేదు. ఆయన అడుగులే చూస్తూ తిరిగొచ్చాను.

హైదరాబాద్ వచ్చాక షీట్ తెరిస్తే, ప్రాగ్ రెండో రోజు గడిలో "చార్లెస్ బ్రిడ్జి, 20 నిమిషాలు" అని ఉంది. 1357లో కట్టడం మొదలుపెట్టిన రాతి వంతెన. పొడవు 516 మీటర్లు. మా ఇంటి నుంచి కాలవ గట్టంత. అక్కడ రైస్ మిల్లు లేదు, బోరు లేదు. ఆ వంతెన తర్వాత అదే పూట కొండెక్కి కోట చూడాలని కూడా రాసుకున్నాను.

ఆ రాత్రే ఇంకో సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. పుస్తకాల గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను. కొన్నేళ్ళ కిందట ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' మీద ఓ సమీక్ష రాశాను. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన వీరాస్వామి, దాదాపు వందమంది పరివారంతో 1830 మేలో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబర్‌లో ఇల్లు చేరాడు. దారి పొడుగునా స్నేహితుడికి రాసినవి 1838లో పుస్తకంగా వచ్చాయి. నా సమీక్షలో ఆయన పరిశీలననీ, మతం గురించి ఆయన ఆలోచనల్నీ మెచ్చుకుని, చివర్లో ఒక విసురు విసిరాను. ఏ ఊరు ఎన్ని ఆమడలు, ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, బాట రాళ్ళదా ఇసుకదా అంటూ పేజీలకి పేజీలు రాసిన భాగాలు నేటి పాఠకుడు దాటేయవచ్చు అని.

ఇప్పుడు ఆ పేజీలే మళ్ళీ తీసి చదివాను. వందమందిని వెంటబెట్టుకుని నడిపించేవాడికి నీళ్ళూ నీడా బాటా తప్ప ముందు ఇంకేం కనపడతాయి? తన వెనక బయల్దేరబోయే వాళ్ళ కాళ్ళ గురించి కూడా ఆ మనిషి ఆలోచించాడు. నేను మా ఇంట్లో నలుగురి గురించి ఆలోచించలేకపోయాను. ఆ సమీక్షలో ఆ వాక్యం తప్పని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

షీట్‌లో రెండు కొత్త కాలమ్‌లు చేర్చాను. ఒకటి 'కూర్చునే చోటు'. రెండోది 'టాయిలెట్'.

రెండోది అమ్మ కోసం. మా అమ్మ ప్రయాణం రోజు నీళ్ళు తాగదు. కాకినాడ బస్సెక్కినా, కాశీ రైలెక్కినా అంతే. ముందు రోజు రాత్రి నుంచే మానేస్తుంది. ఎందుకని ఎవరం ఎప్పుడూ అడగలేదు, ఎందుకో అందరికీ తెలుసు. మన బస్టాండ్లు అలవాటు చేసిన క్రమశిక్షణ అది. యూరప్‌లో పబ్లిక్ టాయిలెట్లు శుభ్రంగానే ఉంటాయి గానీ చాలాచోట్ల డబ్బులు పుచ్చుకుంటారు. యాభై సెంట్లకి కూడా లెక్కలేసుకుని, అమ్మ మళ్ళీ నీళ్ళు మానేస్తుందని నా భయం. అందుకని చిల్లర నాణేల కోసం అమ్మకి విడిగా ఓ చిన్న పర్సు కొన్నాం. పైగా మూడు రకాల చిల్లర కావాలి. వియన్నాలో యూరోలు, ప్రాగ్‌లో కొరునాలు, బుడాపెస్ట్‌లో ఫోరింట్లు.

ఈ రెండు కాలమ్‌లూ నింపడం మొదలుపెట్టగానే రాజధానులు వాటంతటవే తగ్గాయి. పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్ పోయాయి. ప్రాగ్‌ని కూడా కొట్టేశాను. అది తేలిగ్గా కొట్టేయలేదు. ఇరవైల్లో కాఫ్కాని చదివిన పిచ్చి నాది, ఆయన పుట్టిన ఊరది. త్యాగం చేశానన్న తృప్తి కూడా లోపల కొంచెం ఉంది, దాచుకోవడమెందుకు.

మిగిలినవి వియన్నా, బుడాపెస్ట్, మధ్యలో ఒక పూట బ్రాటిస్లావా. మూడూ డాన్యూబ్ ఒడ్డునే ఉన్నాయి. వియన్నా నుంచి బ్రాటిస్లావా రైల్లో గంట, బుడాపెస్ట్ రెండు గంటల నలభై నిమిషాలు. వియన్నాలో కొన్ని ట్రాముల మెట్టు నేలకి ఇరవై సెంటీమీటర్ల ఎత్తు కూడా ఉండదు. కాలు కాస్త ఎత్తితే చాలు. 1814–15లో ఆ రాజులు, మంత్రులు మంతనాలు చేసిన భవనం ఇప్పుడు ఆస్ట్రియా ఛాన్సలర్ కార్యాలయం. దాని పక్కనే గులాబీల పార్కుంది, బెంచీలున్నాయి. పాపకి 1897 నాటి రంగులరాట్నం, నా భార్యకి క్లిమ్ట్ 'ముద్దు' బొమ్మ, రెండూ వియన్నాలోనే. బుడాపెస్ట్‌లో రెండో నంబర్ ట్రాము ఎక్కి కూర్చుంటే నదీ, పార్లమెంటూ కిటికీలోంచే కనిపిస్తాయి.

తర్వాత కాగితాలు. ఈ దేశాలన్నిటికీ ఒకటే షెంగెన్ వీసా. ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు పెట్టాలి, మాకు ఆస్ట్రియా. అమ్మ పుట్టినరోజు పాస్‌పోర్ట్‌లో జూలై 1. నిజానికి వరదలొచ్చిన ఏడు శ్రావణమాసంలో పుట్టింది, తేదీ ఎవరికీ తెలీదు. బళ్ళో రాయించిన తేదీనే ఇన్నాళ్ళకి ఆస్ట్రియా దాకా వస్తోంది. ఇన్సూరెన్స్ తక్కువలో తక్కువ 30,000 యూరోలకి ఉండాలి. నాన్న ఆ కాగితం అక్షరం వదలకుండా చదివి, "చచ్చిపోతే తీసుకురావడం కూడా ఇందులోనే ఉందిరా. మంచి ప్యాకేజీయే" అన్నారు. అమ్మ కసిరింది.

ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఖర్చులు ఎవరు భరిస్తారు, మీరా, స్పాన్సరా? నేను మామూలుగా స్పాన్సర్ దగ్గర టిక్కు పెట్టి ఫోన్లో చదివి వినిపించాను. అటువైపు చప్పుడు లేదు. చివరికి, "పెన్షన్ పాస్‌బుక్ కూడా పెట్టు. మా ఇద్దరి వీసా ఫీజూ నేనే కడతాను" అన్నారు. ఇద్దరికీ కలిపి 180 యూరోలు. నేను వద్దనబోయి ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళు నా ఫీజులు కట్టిన మనిషి ఆయన.

ఇక అమ్మ. ఏం చూడాలనుందని ఎన్నిసార్లు అడిగినా "నాదేముంది, మీరెక్కడుంటే అక్కడే" అనేది. తిండి సంగతి మాత్రం వివరంగా కనుక్కుంది. యూరప్‌కి బయటి నుంచి పాల పదార్థాలు తేనివ్వరు, కాబట్టి నెయ్యి కుదరదు. పళ్ళూ కాయల్లో ఐదింటికి మాత్రం సర్టిఫికెట్ అక్కర్లేదు: అనాస, కొబ్బరికాయ, దురియన్, అరటి, ఖర్జూరం. ఈ జాబితా వినగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "కొబ్బరికాయ, అరటిపండు ఉంటే ఇంకేం కావాలిరా, ఎక్కడైనా దీపం పెట్టుకోవచ్చు" అంది.

పోయిన వారం మూడు రాజధానుల ప్లాను పీడీఎఫ్ చేసి నాన్నకి వాట్సాప్‌లో పంపాను. కొట్టేసిన వరసలు చెరపలేదు, మీద గీత మాత్రం ఉంది. మర్నాడు జవాబుగా ఫొటోలు వచ్చాయి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, ఎర్ర పెన్నుతో జవాబు పత్రం దిద్దినట్టు దిద్దారు. వియన్నా పక్కన "1815". బ్రాటిస్లావా పక్కన "హంగరీ రాజుల పట్టాభిషేకాలు, 1563–1830". బుడాపెస్ట్ పక్కన "1873లో మూడు ఊళ్ళు కలిపారు". కొట్టేసిన ప్రాగ్ పక్కన "1618, ముప్పై ఏళ్ళ యుద్ధం. 1968, ట్యాంకులు", దాని కింద రెండు గీతలు, ఒక ప్రశ్నార్థకం.

ఫోన్ చేశాను.

"ఏరా, ప్రాగ్ ఎందుకు తీసేశావు? అరవై ఎనిమిదిలో నేను పి.యు.సి. లైబ్రరీలో పేపర్ కోసం క్యూలో నిలబడి చదివేవాళ్ళం."

"అక్కడ రాళ్ళ బాటలు నాన్నా. ఆ వంతెన ఒక్కటే అర కిలోమీటరు."

"నా మోకాళ్ళ గురించా?"

నేను మాట్లాడలేదు.

"అడగొచ్చుగా. భోగి నాడు గట్టు దాకా నా కాళ్ళే చూస్తూ నడిచావు. నాకు తెలీదనుకున్నావా?"

ఆయన గొంతులో కోపం లేదు. పాఠం చెప్పే గొంతే. "ప్రాగ్ ఉంచు. వంతెన మీద సగం దాకా వస్తాను. గోడకి ఆనుకుని నిలబడతాను, నలభై ఏళ్ళు నిలబడే పని చేశాను. మిగతా సగం నువ్వు చూసొచ్చి చెప్పు."

నేను సరే అనేలోపు వెనకనుంచి అమ్మ గొంతు వినపడింది. "వాడొక్కడే ఎందుకు? నేనూ అటు చివరిదాకా వెళ్తాను. నా కాళ్ళు బాగానే ఉన్నాయి."

ఈ ప్రయాణం గురించి అమ్మ తనకి కావలసినదేదో చెప్పడం అదే మొదటిసారి. నేను అమ్మ కాళ్ళ గురించి కూడా అడగలేదని అప్పుడు తట్టింది. నాన్నవి నెమ్మదించాయి కాబట్టి ఆవిడవీ అంతే అనుకుని షీట్ మొత్తం వేశాను.

ఇప్పుడు ప్లాను ఇది. ప్రాగ్ మూడు రాత్రులు, వియన్నా ఐదు, బుడాపెస్ట్ నాలుగు, వియన్నా నుంచి ఒక పూట బ్రాటిస్లావా. కాఫ్కా మ్యూజియం పెట్టాను, పక్కన ప్రశ్నార్థకంతో. పాప నిద్రపోతే వెళ్తాను. ఏ రోజూ రెండుకి మించి చూసేవి లేవు. చార్లెస్ బ్రిడ్జికి గంటన్నర ఇచ్చాను. ఆ గడిలో "నాన్న, సగం. అమ్మ, నేను, పూర్తిగా" అని రాసుకున్నాను. పాపా నా భార్యా ఎటు ఉంటారో ఇంకా అడగాలి.