పెట్టెకు తగ్గ ఊఫర్

కైకలూరులో మోటార్లు వైండింగ్ చేసే షాపులకు పని కరువుండదు. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు కూడా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. కాలిపోయిన మోటార్లు ఊళ్లోకి రావాల్సిందే. నేను వెతుక్కుంటూ వెళ్లిన షాపు ముందు కూడా అవే వరసగా పడున్నాయి. లోపలికి అడుగుపెడితేగానీ వెనక గోడంతా స్పీకర్లేనని తెలియలేదు.

"మోటార్లు కూడు పెడతాయండి. ఇవి నా సరదా" అంటూ స్టూలు ముందుకు జరిపారు మేస్త్రీ గారు. అరవై దాటిన మనిషి.

నేను తీసుకెళ్లింది మా బావగారు ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన సెట్టు తాలూకు స్పీకర్ల జత. కొంతకాలంగా బేస్ పలకడం లేదు, సౌండ్ పెంచితే బరబరమంటోంది. ఆయన ముందున్న జాలీ ఊడదీసి, ఊఫర్ అంచును వేలితో తాకారు. నల్లటి జిగురు పొడి వేలికి అంటుకొచ్చింది.

"కొల్లేటి గాలండీ!"

నేరమంతా కొల్లేటిది కాదుగానీ, ఆ మాటలో నిజం చాలానే ఉంది. కోను చుట్టూ ఉండే ఆ మెత్తటి రింగు పాలీయురేథేన్ ఫోమ్. తేమా, వేడీ కలిసి దాన్ని లోలోపల తినేస్తాయి. పాటలు పెట్టినా, బట్ట కప్పి దాచుకున్నా పదిహేను, ఇరవై ఏళ్లకు పిండైపోవడం మామూలే. రబ్బరు రింగులు ఇంతకంటే చాలాకాలం ఆగుతాయి. మరి ఫోమే ఎందుకు పెట్టారంటే, తేలిక కనక, కోనును వదులుగా ఆడనిస్తుంది కనక. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చూర్ గాలి చొరబడని చిన్న పెట్టెలో ఊఫర్ బిగించి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. బీరువాలంత పెట్టెలు అక్కర్లేకుండానే లోతైన బేస్ వచ్చింది. అలాంటి పెట్టెల్లో కోను అంచు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

"ఇదంతా ఎందుకండీ, కొత్త ఊఫర్ వేసేస్తే పోదా?" అన్నాను.

ఆయన మాట్లాడకుండా అరలోంచి ఒక కొత్త ఊఫర్ తీసి నా చేతిలో పెట్టి, కోనును నొక్కి చూడమన్నారు. బిర్రుగా ఉంది. నాది నొక్కితే ఊరికే లోపలికి దిగింది. "ఎనిమిది అంగుళాలు, ఎనిమిది ఓమ్‌లు అని చూసి కొంటారండి. బోల్టులు సరిపోతాయి, బేస్ సరిపోదు."

కోను బరువెంత, అంచు బిగువెంత, మాగ్నెట్ బలమెంత, వీటిని బట్టి పెట్టె లోపల ఎంత చోటుండాలి అన్న లెక్కను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో రాశాడు. 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని పెంచాడు. ఆ కాగితాలు చదవాల్సిన అవసరం మేస్త్రీ గారి బొటనవేలికి లేదు.

మల్టీమీటరు పెడితే ఆరున్నర ఓమ్‌లు చూపించింది. ఎనిమిది ఓమ్‌ల ఊఫర్‌కి ఆ మాత్రమే రావాలి, కాయిల్ క్షేమం. ఇక అసలు పని. పాత ఫోమ్‌నూ జిగురునూ బ్లేడుతో, స్పిరిట్ గుడ్డతో చెక్కుతూనే ఉన్నారు. తొందరపడితే కోను కాగితం చిరుగుతుంది. ఆ తర్వాత మధ్యలో బోర్లించిన డస్ట్ క్యాప్‌ను కోసి తీసి, పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి, కాయిల్‌కూ లోపలి ఇనుప కడ్డీకీ మధ్య నాలుగు వైపులా దోపారు. ఫిల్ము ఉన్నంతసేపూ కాయిల్ పక్కకు ఒరగదు. కొత్త రింగును ముందు కోనుకు అంటించి, అది ఆరాకే ఫ్రేముకు. ఫిల్ము లాగేశాక రెండు అరచేతులతో కోనును నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఎక్కడా రాపిడి లేదు. డస్ట్ క్యాప్ మళ్లీ అంటించి, టార్చిలైటు సెల్లు తాకించారు. కోను ముందుకు వచ్చింది. "ప్లస్ ఇటండీ. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ ఆడితే రెండు పెట్టెలూ కలిసి బేస్‌ను చంపేస్తాయి."

ఈలోగా ఓ కుర్రాడు బస్తాలో డీజే బేస్ స్పీకరు మోసుకొచ్చాడు. కాయిల్ బొగ్గయిపోయింది. "మళ్లీ చిన్న ఆంప్లిఫయర్‌ను చివరికంటా తిప్పావా తమ్ముడూ?" కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వస్తే ఇలాంటివి గుట్టపడతాయట. పాత కాయిల్ చుట్లు లెక్కపెట్టి, అదే మందం రాగి తీగ చుట్టాలి. మోటార్లు చుట్టిన చేతికి అదేమంత కష్టం కాదు.

మర్నాడు జిగురు ఆరాక 'గీతాంజలి' పాటలు పెట్టారు. ఇళయరాజా బేస్ గిటారు తీగ తీగకూ విడివిడిగా వినిపించింది. చిరగని రెండో ఊఫర్‌కి కూడా రింగు మార్చాలని అప్పటికే పట్టుబట్టి మార్చారు. డబ్బులిస్తూ, మరి కొత్తది ఎప్పుడు కొనాలని అడిగాను.

"కింద పడి మాగ్నెట్ పక్కకు జరిగితే కొనండి. కొంటే మాత్రం రెండూ కొనండి, బాక్సు కొలతలు పట్టుకెళ్లండి."