గోడ పక్కన నూరువరహాలు

మా అమ్మ చాలా ఏళ్లు ఒక ఆసామి ఇంట్లో పూలచెట్లకు నీళ్లు పోసింది. ఆ వాకిట్లో నూరువరహాల చెట్లు గుబురుగా ఉండేవి. గుత్తి నిండా ఎర్రటి చిన్న పూలు, ఒక్కోదానికి నాలుగు రేకులు. పిల్లలం పూవును మెల్లగా లాగి, కాడ చివర ఉండే తేనెచుక్కను చప్పరించేవాళ్లం.

అప్పట్లో మా గుడిసె మైపాడు వైపు ఒక రొయ్యల గుంట కట్టమీద ఉండేది. నాయన ఆ గుంటకు కాపలా. ఒకసారి అమ్మ కత్తిరించి పారేసిన కొమ్మను తెచ్చి గుడిసె ముందు గుచ్చబోయాను. "ఎందుకురా అబ్బయా? రేపు యాడుంటామో ఏమో" అనింది అమ్మ. ఆమె అన్నట్టే ఆ ఏడు రొయ్యకు తెగులొచ్చింది. గుంట ఎండగట్టారు. మేం మూట కట్టుకొని ఇంకో కట్టమీదికి పోయాం.

మా తాత పుట్టింది శ్రీహరికోటలో. నూరువరహాల జాతికే చెందిన అడవిచెట్టు ఒకటుంది, కొరివి. దాని పచ్చికొమ్మ కూడా కాగడాలా మండుతుందని తాత చెప్పేవాడు. ఆ దీవిలో రాకెట్ కేంద్రం వచ్చింది. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ లేచింది. అంతకుముందే మావాళ్లు చాలామంది దీవి దాటి వచ్చేశారు. తాతకు చెట్లు తెలియక కాదు. అడవి ఉన్నన్నాళ్లూ ఆయన చెట్టు నాటే పనిలేదు. అడవి పోయాక నాటే చోటు లేదు.

నేను డిగ్రీలో ఉండగా మాకు కాలనీలో ఇంటిపట్టా వచ్చింది. సిమెంటు గోడలు లేచాయి. "ఇప్పుడు తేరా ఆ కొమ్మ" అనింది అమ్మ.

కార్తీకం వానల్లో పెన్సిలు లావు కొమ్మలు జానెడేసి కోసి, కింది ఆకులు తుంచి, తడిమట్టిలో గుచ్చి నీడన పెట్టాం. రెండు నెలలకు వేళ్లు పట్టాయి. బాగా కనబడాలని గోడకు ఆనించి నాటాను. వేసవికల్లా లేతాకులు పసుపుపచ్చగా మారాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. దారినపోయే ఒకాయన, "చేపలు పట్టేవాళ్లకు పూలచెట్లు ఏం తెలుస్తాయిలే" అని నవ్వాడు. అమ్మ ఏమీ అనలేదు. లోపలికెళ్లిపోయింది.

తప్పు నాదే. నూరువరహాలకు కొంచెం పులుపు నేల కావాలి. గోడ కింద రాలిన సిమెంటూ సున్నమూ నేలను సౌడుగా మార్చాయి. దానికితోడు మా బోరు నీళ్లు ఉప్పన. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు.

మళ్లీ వానలు పడ్డాక చెట్టును మట్టిగడ్డతో సహా లేపి, గోడకు మూడడుగుల దూరంలో పెట్టాం. గుంతలో మంచినీళ్ల చెరువు ఒండ్రు, మాగిన మేకల ఎరువు కలిపాం. రొయ్యల గుంట బురద మాత్రం వెయ్యకూడదు, అందులో ఉప్పుంటుంది. ఇసుకనేల తడి ఆరకుండా మొదట్లో సరుగుడు ఆకు పరిచాం. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట రెండు మూడుసార్లు ఆకులమీద చల్లాం. కొత్తాకు పచ్చగా వచ్చింది. కొత్త చిగురు కొసనే గుత్తి వేస్తుంది కాబట్టి, పూత అయిపోగానే కొసలు కత్తిరించాలి. ఈ సంగతి మాత్రం అమ్మే నాకు నేర్పింది. ఆసామి ఇంట్లో ఆమె ఏళ్ల తరబడి చేసిన పని అదే.

పంతుళ్లకు ఒక మాట. బడిలో మొక్కలు పంచే రోజున, "ఎక్కడ నాటుతావు?" అని ప్రతి పిల్లనూ పిల్లోణ్ణీ అడగండి. చోటు లేనివాళ్లకు బడి ఆవరణలో ఒక మూల చూపించండి. మొక్క నాటిన పిల్లవాడు వచ్చే ఏడు కూడా బడిలోనే ఉండాలనుకుంటాడు.

అమ్మ ఇప్పుడు కత్తిరించిన కొమ్మల్ని పారెయ్యదు. మా కాలనీలో ఏడిళ్ల ముందు ఆమె ఇచ్చిన నూరువరహాలు పూస్తున్నాయి. ఎవరు కొమ్మ అడిగినా ముందు ఒకటే చెబుతుంది: "గోడకు దూరంగా పెట్టుకోండమ్మా."