సాగర్ లాంచీ ఎక్కుతున్నారా?

హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు వెళ్తే నల్గొండ జిల్లా నందికొండ. కృష్ణమ్మకు అడ్డంగా రాతితో కట్టిన నాగార్జునసాగర్ ఆనకట్ట ఇక్కడే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని ముందే తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల నాటి శిల్పాలను కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల నడుమ దీవి... నాగార్జునకొండ. అక్కడి మ్యూజియం చూడాలంటే లాంచీ ఎక్కాల్సిందే!

లాంచీ కదిలాక అందరి చూపూ నీళ్ల మీదే. అడుగున ఉన్న ఇంజిన్ సంగతి ఎవరికీ పట్టదు. బ్యాటరీ నుంచి స్టార్టర్‌కీ, లైట్లకీ వెళ్లే తీగలకు నీటి తేమే శత్రువు. రాగికి చిలుము పడుతుంది, అతుకులు వదులై వేడెక్కుతాయి. పక్కనే డీజిల్. నిప్పురవ్వ చాలదూ! 2018 మే నెలలో గోదావరిపై దేవీపట్నం దగ్గర పర్యాటకుల బోటు మంటల్లో చిక్కుకుంది. షార్ట్ సర్క్యూటే కారణమన్నారు. బోటును ఒడ్డుకు చేర్చడంతో ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు.

పాత లాంచీ అయినంత మాత్రాన భయపడక్కర్లేదు. తీగలు మారిస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది. కళాయి పూసిన రాగి పోగుల తీగ, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, చేతికందేలా మెయిన్ స్విచ్ ఉండాలి. టేపు చుట్టిన అతుకులు పనికిరావు. వేడి పొగగొట్టానికి దూరంగా తీగల్ని క్లిప్పులతో బిగించాలి.

పాత మహబూబ్‌నగర్ జిల్లా సోమశిలలో కృష్ణపై పడవెక్కినా ఇదే మాట. లైఫ్ జాకెట్ తొడుక్కోండి, మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో చూసుకోండి. రబ్బరు కాలిన వాసన వస్తే వెంటనే సిబ్బందికి చెప్పండి. ఆ తర్వాత హాయిగా నీళ్లను చూడండి!