ధారయు దెబ్బయు



చీనీ చెట్లకు మడవ తిప్పుట మా తుమ్మలపల్లెవారికి ఎవరును నేర్పనక్కరలేదు. నేడు తోటలలో డ్రిప్పు గొట్టములు వచ్చినవి గాని, నా చిన్ననాట మా నాయన ఇంజనుతో బావి నీరు తోడి కాలువలో పారించుచుండెను. లేత మొక్కలున్న మడి మూతి వద్ద ఆయన ఒక బండరాయి పెట్టుచుండెను. ధార రాతికి తగిలి విరిగి, నెమ్మదిగా పాదులలోనికి పోవలెనని ఆయన తలంపు. ఈ సంగతి నేనెరుగుదును. ఎరిగియు మరచితిని. ఎట్లు మరచితినో మీకు చెప్పెదను.

గత వేసవిలో నేనును నా భార్యయు అమెరికాలోని డాలస్ నగరమున నున్న మా కుమార్తె యింటికి వెళ్లితిమి. అచ్చట పండ్రెండేండ్ల మా మనుమడు ఒక గాజుతొట్టిలో సముద్రపు పగడములను పెంచుచున్నాడు. తొట్టి చిన్నది, 75 లీటర్లు, అనగా అయిదారు బిందెల ఉప్పునీరు. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పగడపు దిబ్బలు కట్టు జీవులను కాపాడుచున్నది గనుక, ఇచ్చట వాటిని ఇండ్లలో పెంచరాదు. అచ్చటనైతే కొమ్మ తుంచి, రాతికి అంటించి పెంచినవాటిని దుకాణములలో అమ్ముదురు.

పగడము రాయి అని మనమనుకొందుము. కాదు, అది ప్రాణి. దానికి నోరున్నది, మీసములున్నవి. కాళ్లు మాత్రము లేవు. దాని శరీరములో కాపురముండు కంటికి కానరాని నాచు, వెలుతురుచేత కొంత ఆహారము చేసి యిచ్చును. తక్కిన ఆహారమును ఊపిరిని నీరే తెచ్చి యియ్యవలెను. దాని మలినమును నీరే కడిగికొని పోవలెను. అందుకే తొట్టిలో నీటిని కదలించుటకు చిన్న పంపు పెట్టుదురు.

ఒకమారు ఇంటివారందరు తొట్టిని నాకప్పగించి మూడు దినములు పొరుగూరు వెళ్లిరి. రాతి వెనుక మూలను మడ్డి పేరుకొనియుండుట చూచితిని. దాని ప్రక్కనే, కొనలు సుత్తివలె నుండు మెత్తని పగడమొకటి వాడినట్లు ముడుచుకొని యుండెను. రాయలసీమవాడను గదా! వాడినదానికి నీరు పెట్టుటే నాకు తెలిసిన వైద్యము. గాజుకు అంటియున్న పంపును త్రిప్పి, ధారను నేరుగా దాని మీదికే పెట్టి, మేలు చేసితినని సంతోషముతో నిద్రపోతిని.

మరునాటికి దాని నాలుగు తలలలో రెంటి కండ ఊడిపోయి తెల్లని ఎముక బయటపడెను. ఇసుక లేచి ఒక మూలను గుట్ట పడెను. రాతి వెనుక మడ్డి మాత్రము కదలలేదు. అంతకుముందు ధార తగులుచుండిన కొమ్మల పగడము నిలువనీటిలో మీసములు ముడుచుకొనెను.

మనుమడు వచ్చి చాలసేపు ఏమియు పలుకలేదు. తరువాత, "తాతా, దానికి నీళ్లు తగలాల గానీ దెబ్బ తగలగూడదు" అనెను. అప్పుడు నాకు మా నాయన బండరాయి జ్ఞాపకమునకు వచ్చెను.

ఇట్టి కలగలుపు తొట్టిలో గంటకు దాని నీటికి 20 మొదలు 40 రెట్లు, అనగా 1,500 మొదలు 3,000 లీటర్లు కదలవలెనని పెంచువారందురు. నీటి కొలత మాకు తక్కువ కాలేదు. అది పోవు విధమే తప్పు. మేమిద్దరము కూర్చుండి దానిని సరిచేసితిమి. ఒక పెద్ద పంపుకు బదులు రెండు చిన్నవి ఎదురెదురు గోడలకు పెట్టితిమి. రెండు ధారలు ఏ పగడము మీదికిని నేరుగా పోక, ముందరి గాజుకు తగిలి, ఒకదానితో ఒకటి కలిసి విరుగునట్లు త్రిప్పితిమి. ఒకటి హెచ్చినప్పుడు రెండవది తగ్గును. బలమైన నీరు కోరు కొమ్మల పగడమును పైన, సుత్తి పగడమును నడుమ, మందముగా పారు నీరు చాలునను పుట్టగొడుగువంటి వాటిని అడుగున ఉంచితిమి. చిటికెడు మేత వేసి, అది ఏ మూలకు పోలేదో చూచి, మరల కొంచెము త్రిప్పితిమి. మీసములు ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు వంగియుండిన ధార మిక్కిలి యెక్కువ. అటునిటు ఊగుచు, నడుమ నడుమ ఆగుచుండిన మేలు. ఆపైన ఒక వారము చేయి పెట్టక కనిపెట్టుకొని యుంటిమి. మిగిలిన రెండు తలలు మెల్లగా విచ్చుకొనెను. పోయినవి రాలేదు.

చదువరీ, పోయినవి రాలేదను మాట వ్రాయుచుండగా నా చేయి ఆగినది. మా సంఘములో ఒక యౌవనస్థుడు తండ్రి చనిపోయిన పిమ్మట కొన్ని నెలలు ఆలయమునకు రాలేదు. వచ్చిన మొదటి ఆదివారమే నేను పీఠము మీదనుండి, పేరు చెప్పకయే అయినను, అతని వైపు చూచి గట్టిగా బోధించితిని. నేను చెప్పినది సత్యమే. అయినను అతడు మరల రాలేదు. వాడినవానికి నీరు పెట్టితినని నేననుకొంటిని.

ఊరికి తిరిగి వచ్చిన వారములోనే అతని యింటికి వెళ్లి అరుగు మీద కూర్చుంటిని. "ఆ దినమున నేను నిన్ను నొప్పించితిని" అని మాత్రము చెప్పితిని. అతడు లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చి యిచ్చెను. ఆలయమునకు రమ్మని నేనడుగలేదు. వాన సంగతియు చీనీ ధర సంగతియు మాటలాడుకొంటిమి. నేను లేచినప్పుడు అతడు, "మళ్లా రాండి, అయ్యగారూ" అనెను.

మరల వెళ్లుచున్నాను. మీరును నేడు ఎవరికైనను ఒక మంచి మాట చెప్పదలచియుందురేమో. తప్పక చెప్పుడి. అయితే మడవ తెరచుటకు ముందు, మూతి వద్ద బండరాయి ఉన్నదేమో చూచుకొనుడి.