పుంగనూరు భోషాణం

పుంగనూరు పేరు చెప్పగానే ఎవరికైనా ఆ పొట్టి ఆవులే జ్ఞాపకం వస్తాయి. నేను వెళ్ళింది మాత్రం చిన్నమ్మ ఇల్లు ఖాళీ చేసే పని మీద.

ఇది జమీందారీ ఊరు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి గాని, ఆ కాలపు టేకు సామాను కొన్ని ఇళ్ళలో మిగిలింది. చిన్నమ్మ వసారాలో ఇత్తడి పట్టీలు కొట్టిన భోషాణం అటువంటిదే. బెంగుళూరు నుంచి వచ్చిన పాతసామాను వర్తకుడు దానికి బేరం పెట్టాడు.

“మదనపల్లెలో ఇంత పెట్టెకు చోటెక్కడుండాదే?” అని చిన్నమ్మ మెత్తబడ్డది కూడాను. ఇటువంటివి కారైక్కుడి మునీశ్వరన్ కోవెల వీధి దుకాణాలలో ఏ ధర పలుకుతాయో చూసినదాన్ని. వద్దని, వడ్రంగిని పిలిపించాను.

పాత వార్నీషును ఉప్పు కాగితంతో చెక్క నార వెంబడే రుద్దాలి; అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. తరువాత లక్కను స్పిరిట్లో కరిగించి, నూలుగుడ్డ ఉండతో పలచగా పూతమీద పూత వేయాలి. వానాకాలం చెమ్మలో ఈ పని పెట్టుకోకండి, పూత తెల్లబారుతుంది. ఇత్తడికి చింతపండు చాలు గాని, ఆ పులుసు చెక్కకు తగలనీయరాదు.

మూత లోపల వరుసగా గాట్లున్నాయి. వడ్రంగి చిత్రిక ఎత్తాడో లేదో, చిన్నమ్మ పరుగెత్తుకు వచ్చింది.

“వద్దప్పా! అవి మా అత్త ధాన్యం లెక్కకు పెట్టినవి!”

గాట్లు అలాగే ఉన్నాయి. భోషాణం ఇప్పుడు మదనపల్లెలో, మా తమ్ముడి హాలులో ఉన్నది. లోపల పరుపులు, పైన బొంత పరుచుకుని పిల్లలు.