లె పుయ్‌లో ఒక రోజు, అమ్మ లేసు సూది

పోయిన వేసవిలో లియాన్‌లో చెల్లి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "ఇక్కడ మన తిరపతి లాంటి ఊరు లేదంటే?" అని అమ్మ అడిగింది. అలా బయల్దేరాం లె పుయ్-ఆన్-వెలే అనే ఊరికి. సాయంత్రం రైల్లో చేరి, యాత్రికులుండే సత్రంలో పడుకుని, మర్నాడంతా కాలినడకనే తిరిగాం. అమ్మ, మేమిద్దరం అక్కచెల్లెళ్ళం, చెల్లి కూతురు. అమ్మకి డెబ్భై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు సరేసరి.

అది అగ్నిపర్వతాల నేల. ఊళ్ళోంచే రాతిగుట్టలు నిలువునా లేచి ఉంటాయి. ఒకదాని మీద ఎర్రటి రంగులో మేరీమాత విగ్రహం. సెవాస్తపోల్ యుద్ధంలో రష్యావాళ్ళ దగ్గర పట్టుకున్న 213 ఫిరంగుల్ని కరిగించి పోతపోసి, 1860లో నిలబెట్టారు. ఇంకో గుట్ట కొసన 10వ శతాబ్దంలో కట్టిన సెయింట్ మిషెల్ గుడి. దానికి 268 మెట్లు. పెద్ద చర్చి మేరీమాత విగ్రహం ఉన్న గుట్ట వాలు మీదే, ఊరి నడినెత్తిన ఉంది.

పొద్దున్న ఏడింటికి చర్చిలో యాత్రికుల పూజకి వెళ్ళాం. 950లో ఇక్కడి బిషప్ గొడెస్కాల్ స్పెయిన్‌లోని సంత్యాగోకి యాత్ర చేశాడు. ఇప్పటికీ ఏటా ఎందరో సంచీ భుజాన వేసుకుని ఇక్కణ్ణించే నడక మొదలుపెడతారు. దారి సుమారు 1,500 కిలోమీటర్లు. దీవెన అయ్యాక చర్చి నేల మధ్యలో ఉన్న ఇనుప తలుపు తెరిచారు. యాత్రికులు ఆ మెట్లు దిగి తిన్నగా వీధిలోకి వెళ్ళిపోయారు. గర్భంలోంచి బయటపడ్డట్టుంది, చూస్తుంటే.

పీఠం మీద నల్లటి మేరీమాత. అమ్మ చెప్పులు విడిచి, "నల్లగా మన వెంకన్నలాగే ఉందే" అని దణ్ణం పెట్టుకుంది. పాత విగ్రహాన్ని 1794లో, విప్లవం రోజుల్లో తగలబెట్టేశారనీ, ఇది తర్వాత తెచ్చి పెట్టిందనీ చెల్లి చెప్పింది. "అయితేనేం, మొక్కు ఆగలేదుగా" అంది అమ్మ.

మధ్యాహ్నం ఈ ఊరి పేరు మీదే అమ్మే ఆకుపచ్చ పప్పు తిన్నాం. పోపు లేదని అమ్మ సణిగింది. తర్వాత 268 మెట్ల గుడికి వెళ్దామంటే, "నావల్ల కాదు, మీరెళ్ళి రండి" అని చర్చి కింది వీధిలో ఒక దుకాణం ముందు అరుగు మీద కూలబడింది. భాష రాని చోట ఒక్కదాన్నే వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు గానీ, వెళ్ళాం.

గంటన్నరకి తిరిగొస్తే అరుగు ఖాళీ! గుండె జారిపోయింది. వీధి పైకీ కిందికీ పరిగెత్తాం. చివరికి పిల్ల చూసింది: అమ్మమ్మ ఆ దుకాణం లోపలే ఉంది.

అది లేసు దుకాణం. లె పుయ్‌కి లేసు కొన్ని శతాబ్దాల విద్య. దిండు మీద గుండుసూదులు గుచ్చి, చెక్క కండెల దారాలు ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ ఒక పెద్దావిడ అల్లుతోంది. పక్కనే అమ్మ, చేతిలో తన లేసు సూదితో పువ్వు అల్లుతోంది. ఆ సూది అమ్మ సంచీలో ఉందని మాకు తెలీనే తెలీదు.

ఆవిడ చెల్లిని అడిగింది, ఎక్కడ నేర్చుకుంది ఈమె అని. అమ్మ చెప్పడం మొదలెట్టింది. మేం వింటున్నది కూడా అదే మొదటిసారి.

అమ్మ పుట్టింది నర్సాపురం దగ్గర. 19వ శతాబ్దంలో మిషనరీలు తెచ్చిన లేసు పని అక్కడ ఇంటింటా ఉండేది. ఎనిమిదో ఏట సూది పట్టింది. ఏజెంటు దారం ఉండ ఇచ్చేవాడు, ఉండకి ఇన్ని పైసలని లెక్క. అమ్మది పువ్వులల్లే పని మాత్రమే. వాటిని కలిపి కుట్టే అతుకుపని ఇంకొకరిది. ఆ పైన అదంతా "ఫారిన్ పోతుంది" అనేవారు. "పూర్తయిన గుడ్డ ఒక్కటి కూడా నేను చూళ్ళేదు" అంది అమ్మ.

చెల్లి అది ఫ్రెంచిలో చెప్తుంటే ఆవిడ తలూపింది. ఇక్కడా అంతేనట, పల్లెల్లో ఆడవాళ్ళు అల్లితే మధ్యవర్తులు పోగుచేసి వర్తకులకిచ్చేవారట. లేచి, బీరువాలోంచి ఒక పెద్ద లేసు గుడ్డ తీసి అమ్మ ఒళ్ళో పరిచింది. అమ్మ అంచంతా వేలితో తడిమింది. ధర చీటీ చూసి గబుక్కున చెయ్యి తీసేసింది. కొంటామంటే ఒప్పుకోలేదు. తనల్లిన పువ్వు మాత్రం ఆవిడకే ఇచ్చేసింది.

పెళ్ళయ్యాక నాన్నతో తుంగభద్ర ఆయకట్టులో సింధనూరు దగ్గర క్యాంపుకొచ్చింది అమ్మ. మడి పనులు, మా కన్నడ బళ్ళు, మా చదువులు. మేం లేసు నేర్చుకుంటామంటే, "కళ్ళు పోతాయి, చదువుకోండి" అని కసిరేది. మేమూ మళ్ళీ అడగలేదు.

తిరిగొచ్చాక అటక మీది బిస్కట్ల డబ్బా దింపించింది. అందులో ఎప్పుడో అల్లిన పువ్వులు, నలభై ఒకటి, పసుపుపచ్చగా మారిపోయి. ఒక్కటీ అతకలేదు. అతుకుపని మాకు రాదు, అమ్మకీ రాదు. సీతారాంపురంలో పెద్దమ్మ కోడలికి వచ్చట. సంక్రాంతికి డబ్బా పట్టుకుని అందరం అక్కడికెళ్తున్నాం. ఈసారి గుడ్డ పూర్తయ్యేదాకా అమ్మ ఎదురుగా కూర్చోవాలి.