ఆనకట్ట మీద రెండు సైకిళ్ళు

క్రిస్మసు సందడి ముగిసిన తరువాత ఒక సోమవారము ఉదయమున ధవళేశ్వరము నుండి సైకిళ్ళ మీద బయలుదేరాము. మేమిద్దరము. రెండవవారు మా సంఘపెద్ద. కాలువల శాఖలో ముప్పై యేళ్ళు లస్కరుగా పనిచేసినవారు. గట్ల మీద తొక్కి తొక్కి గట్టిపడిన కాళ్ళు గనుక అరవై ఎనిమిదవ ఏట కూడా మాకన్న ముందే ఉంటారు. ఆత్రేయపురము అవతల ఒక పల్లెలో మా సంఘపు కుటుంబము ఉన్నది. వాళ్ళ అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము. కాలేజికి సరిగా వెళ్ళుట లేదని కబురు వచ్చింది. ఎందుకో కనుక్కొని రావాలని మా ప్రయాణము.

ఆనకట్ట ఎక్కకముందే టీ కొట్టు దగ్గర మొదటి మాట వినబడింది. "ఏవండీ అయ్యగారూ, బండి రిపేరా?" కాదన్నాము. "మరి పెట్రోలు అయిపోయిందాండీ?" అదీ కాదన్నాము. అతడు మావైపు జాలిగా చూశాడు. సైకిలు తొక్కే మనిషికి ఏదో కష్టము వచ్చి ఉండాలని లోకము నమ్మకము.

కాటన్ దొరగారి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇప్పుడు మనము దాటుతున్నది దాని స్థానములో కట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములు, మొత్తము 175 గేట్లు. చలికాలపు ఉదయము గోదావరి మీద మంచు తెరలు తెరలుగా లేస్తుంటే, ఇసుక తిన్నెల మీద కొంగలు నిలబడి ఉంటే, ఆ అందము సైకిలు మీద వెళ్ళేవారికే పూర్తిగా దక్కుతుంది. బస్సులో ఉన్నవారికి కిటికీ ఊచలు అడ్డము.

ఆ అందము చూస్తుండగానే వెనుక నుండి లారీ హారను. క్లీనరు తల బయటపెట్టి, "ఓ ముసలాయనా! రోడ్డు నీ సొంతమా? అంచుకి పో!" అని అరిచాడు. పెద్దాయన అంచుకు పోలేదు. చెయ్యి ఒకటి పైకెత్తి ఊపి, తన దారిన తాను తొక్కారు. తరువాత మాకు చెప్పారు: "అంచున ఇసుక పేరుకుంటుందండి. సన్న చక్రం అందులో జారుతుంది. జారితే పడేది లారీ కిందకే. పెద్ద బండి దాటేటప్పుడు గాలి ముందు మనల్ని అవతలికి తోస్తుంది, వెంటనే తనవైపు లాగుతుంది. అందుకని రెండడుగులు చోటు ఉంచుకోవాలి. క్లీనరుకి ఈ సంగతి తెలియదు. వాడు సైకిలు తొక్కి ఎన్నాళ్ళయిందో!"

మరి కోపము రాదా అని అడిగాము. "రాత్రంతా నిద్ర లేకుండా వస్తారండి వాళ్ళు. అది నా మీద కోపం కాదు, దారి మీద కోపం" అన్నారు. అయితే ఆయన అన్నిటికీ చెయ్యి ఊపి ఊరుకొనే మనిషి కాదని బొబ్బర్లంక దగ్గర తెలిసింది. ఒక ఆటో ఆయన మోచేతికి అద్దము తగిలేటంత దగ్గరగా దూసుకుపోయి, కొంత దూరములో జనమును ఎక్కించుకొనుటకు ఆగింది. పెద్దాయన సైకిలు స్టాండు వేసి, డ్రైవరు దగ్గరకు నడిచి వెళ్ళి, "బాబూ, నీ అద్దం ఇక్కడ తగిలింది. ఇంకో జానెడు ఇటు వచ్చుంటే నేను కాలవలో ఉండేవాణ్ణి" అని మోచెయ్యి చూపించారు. అతడు మొదట నవ్వాడు. ఆటోలో కూర్చున్న ఒక అమ్మ, "పెద్దాయన చెబుతుంటే నవ్వుతావేంటయ్యా?" అనేసరికి దిగి, "తప్పయిందండి" అన్నాడు. మాట పడితే పోనిస్తారు గాని, ప్రాణము మీదకు వస్తే అడుగుతారు.

ఆత్రేయపురములో పూతరేకుల కొట్ల ముందు మోటారు సైకిలు మీద ఒక యువకుడు, "టాక్సులు కట్టేది మేము, రోడ్డు మధ్యలో తొక్కేది మీరు" అన్నాడు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సైకిలు మోటారు వాహనము కాదు. అందుకే లైసెన్సు అడగరు గాని, రోడ్డెక్కవద్దని కాదు. జాతీయ రహదారి టోలుగేటు దగ్గర ఆ అబ్బాయి బండికీ రుసుము లేదు. మా టైర్లూ ట్యూబులూ జి.ఎస్.టి. కట్టి కొన్నవే. ఇవన్నీ మాకు రెండు ఫర్లాంగులు దాటిన తరువాత జ్ఞాపకము వచ్చాయి! పెద్దాయన మాత్రము, "మా రోజుల్లో సైకిలుకీ పన్ను బిళ్ళ ఉండేదండి. దీపం లేకపోయినా, డబుల్స్ ఎక్కినా పోలీసులు గాలి తీసేసేవారు" అని నవ్వారు.

పల్లె చేరేసరికి ఎండ ఎక్కింది. ఇంటి ముందు కొబ్బరిచెట్టుకు అమ్మాయి సైకిలు ఆనించి ఉంది. పైన గోనెపట్టా. రెండు చక్రములలోను గాలి లేదు. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు, పనికి వెళ్ళలేదు. కాలేజి సంగతి అడిగాము. అమ్మాయి తల వంచుకున్నది. తల్లి చెప్పింది.

"ఆయ్, మీరే కదండీ అయ్యగారూ! నవంబరులో ఇంటి కూడికకి వచ్చినప్పుడు, ఆడపిల్లని ఆ రోడ్డు మీద సైకిలేసుకుని పంపుతారేంటమ్మా, ఆటోలో పంపకూడదా అన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళ నాన్న సైకిలు తియ్యనివ్వలేదండి. ఆటోకి పోనూ రానూ నలభై రూపాయలు. ఉన్నరోజు వెళుతుంది, లేనిరోజు మానేస్తుంది."

దారి పొడవునా క్లీనరు మాటనూ, ఆ యువకుని మాటనూ లెక్కపెట్టుకుంటూ వచ్చినవారము మేము. ఆ మాట మేమన్నట్టు మాకు జ్ఞాపకము కూడా లేదు. కాఫీ తాగి లేస్తూ, చెప్పులు తొడుక్కుంటూ అన్న మాట అయి ఉంటుంది.

అప్పుడు అమ్మాయి తల ఎత్తింది. "ఆటోవాళ్ళూ అనేవారండి, మీ నాన్న దగ్గర డబ్బుల్లేవా అని. వాళ్ళు అన్నారని నేను మానలేదండి."

మేము తెలియక అన్నాము, మన్నించమ్మా అన్నాము. తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. "మీరన్నది అబద్ధం కాదు కదండీ, ఆ రోడ్డున లారీలు ఎక్కువే" అన్నారు. అది నిజమే. క్షమాపణ చెప్పినంత మాత్రాన లారీలు తగ్గవు.

పెద్దాయన ఈలోగా పళ్ళెములో నీళ్ళు తెప్పించి ట్యూబు ముంచి చూస్తున్నారు. రెండు పంక్చర్లు. అతుకు వేస్తూనే అమ్మాయిని అడిగారు, "కాలవ గట్టు మీంచి ఎప్పుడైనా వెళ్ళావా తల్లీ?" వెళ్ళలేదట. ఆ గట్టు ఆయనకు అరచేతిలో గీతల వలె తెలుసు. కొంచెము చుట్టుదారి, వర్షాకాలములో బురద, కాని లారీ రాదు. కాలేజి దగ్గర కొద్ది దూరమే పెద్ద రోడ్డు.

తండ్రి కళ్ళారా చూస్తే గాని నమ్మరని తోచింది. మా సైకిలు ఆయనకు ఇచ్చాము. పెద్దాయనది మేము తొక్కుతుంటే, దారి చూపవలసినవారు గనుక ఆయన వెనుక కారియరు మీద కూర్చున్నారు. అమ్మాయి ముందు, తండ్రి ఆమె వెనుక, మేము చివర. గట్టున బట్టలు ఉతుకుతున్నవారు, "ఏంటండీ అయ్యగారూ, డబుల్సా!" అని కేకలు వేశారు.

పెద్ద రోడ్డు ఎక్కిన చోట ఆటో స్టాండు. అమ్మాయిని ఎరిగిన డ్రైవరు ఒకడు మా వరుస చూసి, "ఏంటమ్మా, మీ నాన్న కూడా కాలేజిలో చేరాడా?" అన్నాడు.

"ఆయ్, చేరాడండి. ఫీజు కట్టాలి, మీ ఆటో డబ్బులు మిగిలాయి కదా, అందులోంచి కడతాం" అని అమ్మాయి గంట కొట్టుకుంటూ సాగిపోయింది. స్టాండంతా నవ్వింది. తండ్రి నవ్వలేదు గాని, నిలబడి తొక్కి కూతురిని అందుకున్నాడు.